ముక్కూ మొహం తెలియనివాళ్ల రహస్యాలు చదివితేనే నిద్ర పడుతోంది

ప్రశ్న:

ఈ వారం ఉత్తరం రాసినావిడకు 38 ఏళ్లు. ఉద్యోగం, భర్త, పదేళ్ల బాబు. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చమన్నారు, మార్చాను.

పక్షవాతంతో మంచం పట్టిన తండ్రిని ఆవిడ ఆరేళ్లు తన ఇంట్లోనే ఉంచుకుని చూసుకున్నారు. అన్నయ్య దూరంగా ఉంటాడు. డబ్బు పంపేవాడు, వారం వారం ఫోన్ చేసేవాడు. ఏడాదిన్నర కిందట తండ్రి పోయారు. ఆ రాత్రి ఆయన నాలుగుసార్లు పిలిచారు, నాలుగుసార్లూ ఆవిడ లేచి వెళ్లారు. ఐదోసారి పిలుపు కూడా వినిపించింది. 'ఒక్క రెండు నిమిషాలాగి వెళ్దాం' అనుకుంటూ కళ్లు మూసుకున్నారు. మెలకువ వచ్చేసరికి తెల్లారింది. ఆయన లేరు.

"నిద్రలోనే పోయారని అందరికీ చెప్పాను. అన్నయ్య నన్ను పట్టుకుని ఏడుస్తూ, నువ్వు కాబట్టి చూసుకున్నావమ్మా, ఇంకెవరూ చూసేవాళ్లు కాదు అన్నాడు. ఇప్పటికీ ఫోన్ చేసినప్పుడల్లా ఆ మాటే అంటాడు. ఆ మాట వినలేక ఈమధ్య వాడి ఫోన్ ఎత్తడం తగ్గించాను" అని రాశారు.

ఆయన పోయిన కొన్ని నెలలకు, నిద్ర పట్టని ఒక రాత్రి, పేర్లు చెప్పకుండా జనం రాసుకున్న రహస్యాలు ఆవిడ కంటపడ్డాయి. అందులో ఎవరో రాశారు: 'అమ్మ పిలిచింది. విన్నాను. లేవలేదు. ఇది ఎవరికీ చెప్పలేదు.' ఫోన్ గుండెకు ఆనించుకుని ఏడ్చారట. ఆ రాత్రి చాలాకాలం తర్వాత ఒళ్లెరగని నిద్ర పట్టిందట. అప్పటినుంచీ రోజూ ఇదే. ఇంట్లో అందరూ పడుకున్నాక మొదలుపెడితే ఒంటిగంట, ఒక్కోసారి రెండు. ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పనివాళ్లు, ఇద్దరు పిల్లల్లో ఒకరంటేనే ప్రేమ ఉన్న తల్లులు, పెళ్లిరోజున వెనక్కి తిరిగి పారిపోవాలనుకున్నవాళ్లు. "కొన్ని రాత్రులు నాకంటే పెద్ద తప్పు చేసినవాళ్ల కోసం వెతుకుతాను. దొరికితే ప్రాణం కుదుటపడుతుంది. కాసేపటికి నామీద నాకే అసహ్యం వేస్తుంది."

ఒక రాత్రి భర్త లేచి చూసేసరికి ఫోన్ వెలుగులో ఈవిడ ఏడుస్తున్నారు. ఆయన్ని చూడగానే ఫోన్ బోర్లించారు. "ఎవరితోనైనా మాట్లాడుతున్నావా?" అని ఒక్కసారే అడిగారాయన. "ఏదో చదువుతున్నాను" అన్నారీవిడ. ఆ తర్వాత ఆయన అడగలేదు. "అడగకపోవడమే భయంగా ఉంది" అంటున్నారు.

ఆవిడ ప్రశ్నలు: ఇలా చదవడం తప్పా, జబ్బా? నాది కూడా అక్కడే రాసి పారేస్తే బరువు దిగుతుందా? ఆయనకు, అన్నయ్యకు చెప్పాలా?

జవాబు:

చదవడం తప్పు కాదండీ. తలుపు సందులోంచి తొంగిచూడటం వేరు, తలుపు తీసిపెట్టి పిలిచినవాళ్ల గుమ్మంలో నిలబడటం వేరు. అవి రాసినవాళ్లు ఎవరో ఒకరు చదవాలనే రాశారు. ఆ చదివినవాళ్లలో మీరొకరు, అంతే.

మీకు ఊరటగా ఉంటుందేమో, ఇది ఫోన్లు వచ్చాక పుట్టిన అలవాటు కూడా కాదు. 1691లో లండన్‌లో జాన్ డంటన్ అనే ఆయన 'ఎథీనియన్ మెర్క్యురీ' అని ఒక పత్రిక మొదలుపెట్టాడు. పేరు చెప్పుకోలేనివాళ్లు అడిగిన ప్రశ్నలకు జవాబులు అచ్చువేయడమే దాని పని. నేను చేస్తున్న ఈ పనికి ముత్తాత లాంటిది. అడిగినవాళ్ల కంటే చదివినవాళ్లే ఎక్కువమంది అయివుంటారు కదా. 1980లో న్యూయార్క్‌లో అలన్ బ్రిడ్జ్ అనే కళాకారుడు వీధుల్లో పోస్టర్లు అంటించాడు: మీరు చేసిన తప్పు ఏదైనా ఉంటే ఈ నంబరుకు ఫోన్ చేసి చెప్పండి, మీరెవరో చెప్పొద్దు అని. అవతల ఉన్నది ఒక ఆన్సరింగ్ మెషీన్, అంటే ఫోన్ చేసినవాళ్ల మాటలు రికార్డు చేసుకునే యంత్రం. పోను పోను, చెప్పడానికే కాక ఇతరులు చెప్పినవి వినడానికి కూడా జనం ఫోన్ చేయసాగారు. ఆయన 1995లో చనిపోయేదాకా ఆ లైను నడిచింది. ఫోన్ చేసి, తమ సంగతి ఏమీ చెప్పకుండా విని పెట్టేసినవాళ్లందరూ మీ కోవలోవాళ్లే.

కాబట్టి 'జబ్బా' అన్న మాట పక్కన పెడదాం. ఇది మీకు ఏమిస్తోంది, ఏమివ్వలేకపోతోంది అన్నది చూద్దాం.

ఇచ్చింది చాలా పెద్దదే. నాన్న పోయాక మీ ఇంటికి వచ్చినవాళ్లలో ఎందరో తమ అమ్మానాన్నల ఆఖరి రోజుల గురించి మాట్లాడి ఉంటారు. ఎన్ని రాత్రులు మేలుకున్నారో, ఎంత చేశారో చెప్పి ఉంటారు. ఎవరైనా లేచి వెళ్లిన రాత్రుల గురించే చెబుతారు. లేవని రాత్రి గురించి ఆ గదిలో ఎవరూ చెప్పరు. అందరి మాటలూ విన్న మీకు, లేవని రాత్రి లోకంలో మీ ఒక్కరికే ఉందనిపించింది. ఊరూ పేరూ లేని ఆ మనిషి రాసిన మాటలు ఆ లెక్కను తప్పని తేల్చాయి. అందుకే అంత నిద్ర పట్టింది. కొలంబియా యూనివర్సిటీలో మైకేల్ స్లెపియన్ అనే ప్రొఫెసర్ చాలా ఏళ్లుగా రహస్యాల మీదే పరిశోధన చేస్తున్నారు. ఆయన అధ్యయనాల్లో తేలిందేమిటంటే, సగటున ఒక మనిషి దగ్గర ఒకే సమయంలో 13 రహస్యాలుంటాయి, అందులో 5 ఎవ్వరికీ చెప్పనివి. మీ ఆఫీసులో మీ పక్క కుర్చీలో కూర్చునేవాళ్ల దగ్గరా ఓ అయిదు ఉంటాయని లెక్కేసుకోండి.

ఆ పరిశోధనలో నాకు ఇంకా పనికొచ్చిన సంగతి మరొకటుంది. రహస్యం మనిషిని తినేది ఎదుటివాళ్ల దగ్గర దాచాల్సి వచ్చినప్పుడు కాదట. అలాంటి సందర్భాలు నిజానికి తక్కువే వస్తాయి. ఒంటరిగా ఉన్నప్పుడు మనసు పదేపదే దాని దగ్గరికి పోతుంది, బరువంతా అక్కడుంది. మీ రాత్రులు గుర్తు చేసుకోండి. మీరు చదువుతున్నది ఎవరి కథలైనా, ప్రతి కథ దగ్గరా ఆగి 'నాది ఇంతకంటే ఘోరమా, తక్కువా' అని తూచుకుంటున్నారు. అంటే రాత్రి రెండు గంటలసేపు ఆ గది గుమ్మం దాకా వెళ్లి వస్తున్నారన్నమాట. ఊరట కోసం వెళ్లే దారీ, గాయం దగ్గరికి తీసుకెళ్లే దారీ ఒకటే అయిపోయింది.

మీకంటే పెద్ద తప్పు చేసినవాళ్ల కోసం వెతకడం గురించి ఒక మాట. దానికి అంత అసహ్యించుకోనక్కర్లేదు. రిజల్ట్స్ బోర్డు దగ్గర మనకంటే తక్కువ మార్కులు వచ్చినవాళ్ల నంబరు వెతుక్కోనివాళ్లు ఎవరు? దానివల్ల ఎవరికీ నష్టం లేదు. కాకపోతే దానికి ఆయుష్షు లేదు. ఎదుటివాడు ఎంత పెద్ద తప్పు చేసినా మీ తప్పు అంగుళం కూడా తగ్గదు, అందుకే మర్నాడు ఇంకొకడు కావాలి.

ఇక ఇవ్వలేనిది. ఆ మనిషి 'నేనూ లేవలేదు' అన్నారు. కానీ వాళ్లకు మీరు తెలియదు. మీ నాన్న గొంతు తెలియదు, ఆరేళ్లు తెలియదు. మీకు కావలసింది రెండు: 'నువ్వొక్కదానివే కాదు' అనే మాట, 'అంతా తెలిసి కూడా నువ్వంటే నాకు ఇష్టమే' అనే మాట. మొదటిది ముక్కూ మొహం తెలియనివాళ్లు ఇవ్వగలరు, చాలా బాగా ఇవ్వగలరు, ఇచ్చారు కూడా. రెండోది మీ మొహం తెలిసినవాళ్లే ఇవ్వాలి. మొదటిదాన్నే వెయ్యిసార్లు చదివినా రెండోది అవదు.

ఇప్పుడు మీ ఆయన సంగతి. మిగతా వాటికంటే ఇది తొందరది. మీరు రెండు విషయాలను కలిపి ముడేశారు. రాత్రిళ్లు ఏం చదువుతున్నారన్నది ఒకటి, ఆ రాత్రి ఏం జరిగిందన్నది ఇంకొకటి. మొదటిది చెబితే రెండోది కూడా చెప్పాల్సి వస్తుందని భయపడి రెండూ దాచారు. ఆయనకు కనబడేది మాత్రం అర్ధరాత్రి ఏడుస్తూ ఫోన్ బోర్లించే భార్య. ఆయన స్థానంలో ఎవరున్నా ఆ ఖాళీని ఒక మూడో మనిషితో నింపుకుంటారు. ఆయన అడగకపోవడం నిర్లక్ష్యమనుకోకండి. జవాబు వినే ధైర్యం చాలక కావచ్చు.

మొదటిది విడిగా చెప్పేయొచ్చు. 'నాన్న పోయినప్పటినుంచి నిద్ర పట్టట్లేదు. పేరు లేకుండా జనం రాసుకున్న రహస్యాలు చదువుతున్నాను, చూడు' అని ఫోన్ ఆయన చేతికివ్వండి. 'నాన్న విషయంలో నన్ను తినేస్తున్నది ఒకటుంది. ఇప్పుడు చెప్పలేను, చెప్పగలిగినప్పుడు చెబుతాను' అనండి. రహస్యం ఉందని చెప్పడం, రహస్యం చెప్పడం ఒకటి కాదు. ఏముందో చెప్పకపోయినా, అది ఫలానా దాని గురించి అని తెలిస్తే ఆయన మనసులోని మూడో మనిషి వెళ్లిపోతాడు. దీనికీ ఖరీదు ఉంది: ఆయన అప్పుడప్పుడూ మీ మొహంలోకి చూస్తారు, ఎప్పుడు చెబుతావని. అది భరించగలరనే అనుకుంటున్నాను. ఇప్పుడు భరిస్తున్నది అంతకంటే ఎక్కువే.

అసలు విషయం కూడా చెప్పేస్తే? ఆరేళ్లు అదే ఇంట్లో ఉన్న మనిషాయన. ఆ పిలుపులు ఆయనకూ వినిపించేవి. ఇది రాస్తుంటే నాకొక సందేహం వస్తోంది, తప్పయితే క్షమించండి: ఐదోసారి పిలుపు ఆయనకు కూడా వినిపించిందేమో? మీ ఇంట్లో ఆ రహస్యం మోస్తున్నది ఇద్దరేమో? నాకు తెలిసే అవకాశం లేదు. కానీ చెప్పాలా వద్దా అని ఆలోచించేటప్పుడు, మీకు తెలియని సగం ఆయన దగ్గర ఉండొచ్చన్నది మరిచిపోకండి. ఇంకోవైపు, ఆయన వెంటనే 'అయ్యో, అదేం పెద్ద విషయం కాదులే' అని కొట్టిపారేసే అవకాశమూ ఉంది. ప్రేమతో అనే మాటే అయినా అది మీకు చెంపదెబ్బలా తగులుతుంది. చెబితే, 'నన్ను ఓదార్చొద్దు, ముందు మొత్తం విను' అని మొదలుపెట్టండి.

పేరు లేకుండా రాసి పారేయడం గురించి. రాసిన క్షణంలో తేలిగ్గానే ఉంటుంది. కానీ రెండు సంగతులు. ఒకటి, 'పేరు లేకుండా' అన్నది మనం అనుకున్నంత గట్టి గోడ కాదు. రహస్యాలు పంచుకునే ఒక పేరున్న యాప్‌లో, వాడినవాళ్ల రాతలు, వాళ్ల వయసు, ఎక్కడినుంచి రాశారన్న వివరాలతో సహా ఎవరైనా చూడగలిగేలా తెరిచి ఉన్నాయని 2020లో బయటపడింది. పేర్లు లేవు, నిజమే. కానీ పక్షవాతం, ఆరేళ్లు, దూరాన ఉన్న అన్నయ్య, నాలుగు పిలుపులు: ఇవన్నీ ఒకచోట రాస్తే మీ అన్నయ్యకు మీ పేరు అక్కర్లేదు. నాకు రాసినప్పుడు వివరాలు మార్చమని మీరే అడిగారు, అక్కడ మార్చేవాళ్లు ఎవరూ ఉండరు.

రెండోది, ఎలాంటి చోట రాస్తారన్నది. 2004లో ఫ్రాంక్ వారెన్ అనే అమెరికన్ 3,000 పోస్టుకార్డులు అపరిచితుల చేతుల్లో పెట్టి, ఎవరికీ చెప్పని నిజం ఒకటి దానిమీద రాసి పంపమన్నాడు. ఆ తర్వాత ప్రపంచం నలుమూలలనుంచీ కార్డులు రావడం మొదలైంది, పదిలక్షలు దాటాయి. ఆయన వాటిలో కొన్నిటిని ఎంచి ఆదివారం ఆదివారం బయటపెట్టేవాడు. 2011లో ఇదే పనిని యాప్‌గా తెచ్చారు. కొద్ది నెలలకే మూసేశారు, వేధింపు రాతలను అదుపు చేయడం వాళ్ల వల్ల కాలేదు. మనుషులు అవే మనుషులు. కానీ కార్డు మీద చేత్తో రాసి, స్టాంపు అంటించి, పోస్టుడబ్బా దాకా నడిచేలోపు రాసింది నిజంగా పంపాలా అని పదిసార్లు అనిపిస్తుంది. బొటనవేలికి అంత వ్యవధి ఉండదు. మీ పోస్టు కింద ఎవరో ఒకరు 'నువ్వే చంపావు' అని రాయొచ్చు. అలా రాయడానికి వాళ్లకు రెండు సెకన్లు చాలు. అది చదివి తట్టుకునే స్థితిలో ఉన్నారా? ఇవాళ్టికి లేరనే నా అంచనా. మరీ రాయాలనిపిస్తే, వ్యాఖ్యలకు తావులేని చోటు చూసుకోండి, వివరాలన్నీ తీసేసి రాయండి.

అంతకంటే ముందు చేయగలిగినది ఒకటుంది. 1986లో జేమ్స్ పెనబేకర్ అనే సైకాలజిస్టు కాలేజీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. వరసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, జీవితంలో తమను బాగా కుదిపేసిన విషయం గురించి రాయమన్నారు. రాసింది గోప్యంగానే ఉంటుందన్నారు. రాసినరోజు మనసు ఇంకా పాడైంది. తర్వాతి నెలల్లో మాత్రం, ఏం జరిగిందో, అప్పుడు ఏమనిపించిందో రెండూ రాసినవాళ్లు జబ్బుపడి డాక్టరు దగ్గరికి వెళ్లడం మిగతావాళ్లకంటే తక్కువగా ఉంది. అందరికీ ఒకేలా పనిచేయదు, మరీ తట్టుకోలేనట్టుంటే ఆపేయడమే మంచిది. మీ విషయంలో దీన్ని ఎందుకు ముందు పెడుతున్నానంటే, మీరు ఇంతవరకు ఇతరుల వాక్యాల్లోనే మీ కథ చదువుకున్నారు. మీ వాక్యాల్లో ఒక్కసారీ రాసుకోలేదు, నాకు రాసిన ఈ ఉత్తరంలో తప్ప.

చదవడం పూర్తిగా మానేయమని నేననను. ఒట్టు పెట్టుకుని మానేసిన మూడో రాత్రికే మళ్లీ మొదలుపెడతారు, దానికి ఇంకో అపరాధభావం తోడవుతుంది. పోస్టుకార్డుల రహస్యాలు వారానికోసారి వచ్చేవి. చదివినవాళ్లు నాలుగు కార్డుల గురించి తలపోసుకుంటూ మిగతా వారం తమ పనుల్లో ఉండేవారు. మీ ఫోన్‌కు ఆదివారం లేదు, పైకి తోసేకొద్దీ వస్తూనే ఉంటాయి. ఆ ఆదివారం మీరే పెట్టుకోవచ్చు. పగటిపూట, కూర్చుని, ఒక అరగంట. పక్కమీద, చీకట్లో చదివితే మాత్రం మిమ్మల్ని ఆ గదిలోకే తీసుకెళ్తాయి.

ఐదోసారి లేచి ఉంటే నాన్న బతికేవారా అన్న ప్రశ్న మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. కానీ ప్రతి పేరాలోనూ ఉంది. దానికి నేను జవాబు చెప్పలేను, రహస్యాలు రాసే అపరిచితులూ చెప్పలేరు. ఆయనకు వైద్యం చేసిన డాక్టరు కొంత చెప్పగలరు. వెళ్లి అడిగితే ఏమవుతుంది? 'లేచినా ఏమీ మారేది కాదు' అనొచ్చు. 'చెప్పలేం' అనొచ్చు, ఎక్కువగా అదే అంటారు. మీరు భయపడే మాట కూడా అనొచ్చు. అందుకే ఒంటరిగా వెళ్లకండి, ఇప్పుడే వెళ్లి తీరాలనీ లేదు. ఏడాదిన్నరగా నిద్ర సరిగా లేని మనిషి ముందు ఒక కౌన్సెలర్‌తో మాట్లాడటం మంచిదని నా అభిప్రాయం. అక్కడ మీ మొహం కనిపిస్తుంది, మాట బయటికి పోదు. ఎప్పుడైనా బతకాలనిపించని ఆలోచన వస్తే మాత్రం ఇవేవీ చూసుకోకుండా ఆ పూటే ఇంట్లోవాళ్లకు చెప్పి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

అన్నయ్యకు చెప్పడం ఆఖరున పెట్టుకోండి. చెప్పకపోయినా అన్యాయమేమీ కాదు. ఆయన మిమ్మల్ని పొగుడుతున్నప్పుడల్లా దొంగ సొత్తు అందుకుంటున్నట్టు ఉందన్నారు. ఆ పొగడ్తలో కొంత ఆయన సొంత బరువు కూడా ఉందనిపిస్తోంది నాకు. ఆరేళ్లలో ఆయన లేవని రాత్రులెన్ని? దూరంగా ఉన్నవాళ్లకు పిలుపే వినపడదు, ఆ వినపడకపోవడమూ ఒక రహస్యమే. చెబితే ఆయన కోప్పడొచ్చు, కొన్నాళ్లు మాటలు ఆగిపోవచ్చు. లేదా తన సంగతీ చెప్పుకుని ఏడవొచ్చు. ఏది జరుగుతుందో మీకే నాకంటే బాగా తెలుసు. చెప్పే ఉద్దేశం లేకపోయినా ఫోన్ ఎత్తడం మానకండి. పొగిడితే, 'అన్నయ్యా, ఆ మాట అనకు, నాకు కష్టంగా ఉంది' అంటే చాలు. అందులో అబద్ధం లేదు.

మీ ఉత్తరం చివర, ఇది చదివి నామీద ఏమనిపించిందో దాచకుండా చెప్పమన్నారు. అయిదు పేజీల ఉత్తరం అది. ఐదోసారి పిలుపు గురించి రెండున్నర పేజీలు రాశారు: ఎంత గట్టిగా పిలిచారు, దుప్పటి ఎలా లాక్కున్నారు, గడియారంలో టైమెంత. అంతకుముందు నాలుగుసార్లు లేచి వెళ్లిన సంగతి సగం వాక్యంలో అయిపోయింది. నేను దాన్ని వెతుక్కుని మళ్లీ చదివాను. వాటిలో ఏం అడిగారు ఆయన? మంచినీళ్లా, పక్క సర్దమన్నారా, ఊరికే పిలిచారా? వెళ్లినప్పుడు మీ చెయ్యి పట్టుకున్నారా, ఏమైనా అన్నారా?

ఆ పదిహేను నిమిషాలు రాయడానికి కూర్చున్న మొదటి రోజు, ఐదోది వదిలేసి, ఆ నాలుగిటి గురించి రాయండి.